గాలి ఎటుంది?

నా కోటుకి ఎల్లిగడ్డ తాలింపు వాసన పట్టి ఉందని నాకు తేల్చి చెప్పింది కయోటీ అనే ఒక నక్కలాంటి జంతువు.

1997 డిసెంబరు. కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రం, నైరుతి మూల. పొద్దున తొమ్మిదిన్నరకి అప్పుడే సూర్యుడు మొహం చూపించాడు. చలి మైనస్ 31. మంచు మీద దాని అడుగులు దారం పట్టి గీసినట్టు ఒకే వరసలో గొర్రెల కంచె వైపు వచ్చాయి. మా ఉచ్చు ఇంకో పన్నెండు అడుగులు ఉందనగా ఆగిపోయాయి. నాలుగు కాళ్లూ దగ్గరగా పెట్టి నిలబడిన గుర్తు అక్కడ స్పష్టంగా ఉంది. ఆ తర్వాత అరచందమామలాగా చుట్టూ తిరిగి, గాలి దిగిపోయే వైపుకి వెళ్లి, అక్కడ మళ్లీ ఆగి, ఒక గడ్డిదుబ్బు మీద మూత్రం పోసి, తాపీగా వచ్చిన దారినే వెళ్లిపోయింది. పరిగెత్తను కూడా లేదు. ఎడమ ముందుకాలికి ఒక వేలు లేదు దానికి.

ఆ గొర్రెల యజమాని పెద్దాయన ఆ జాడ పక్కన నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, గొంతులో కోపం ఏమీ లేకుండా, "నిన్న రాత్రి ఏం వండుకున్నావు డాక్?" అని అడిగారు.

కందిపప్పు. ఎండుమిరపకాయ, ఎల్లిగడ్డ వేసి తాలింపు. ఆ కోటు వంటింటి తలుపు వెనకే వేలాడుతూ ఉంది.

నేను రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, 1996లో పై చదువుకి అదే సస్కాచువాన్‌లోని సస్కటూన్ నగరానికి వెళ్లాను. అక్కడి వెటర్నరీ కాలేజీలో నా పని కయోటీల పేగుల్లో బద్దెపురుగులు వెతికి లెక్కపెట్టడం. ఎకినోకాకస్ మల్టీలాక్యులారిస్ అని ఒక పురుగు ఉంది. బియ్యపు గింజంత కూడా ఉండదు. కయోటీల్లో, నక్కల్లో పెరుగుతుంది, వాటికి పెద్దగా హాని చెయ్యదు. దాని గుడ్లు పొరపాటున మనిషి కడుపులోకి పోతే మాత్రం కాలేయంలో గడ్డలా పెరిగి, ఏళ్లు గడిచాక ప్రాణం మీదికి తెస్తుంది. అందుకని కళేబరాలను మైనస్ 80 ఫ్రీజరులో రోజుల తరబడి పెట్టి, గుడ్లు చచ్చాకనే కోసేవాళ్లం. ఇంతకీ ఆ కళేబరాలు వచ్చేది చలికాలంలో ఉచ్చులు పెట్టే రైతుల దగ్గర్నుంచి. తోలు వాళ్లు తీసుకుంటారు, మిగిలింది మాకు ఇస్తారు. అలా తిరుగుతూ తిరుగుతూ స్విఫ్ట్ కరెంట్ ఊరు దాటి పడమటగా ఉన్న ఆ పెద్దాయన ఇంటికి చేరాను. 300 గొర్రెలు, రెండు తెల్ల కాపలా కుక్కలు, ఆయన, ఆయన భార్య. ఆయనకి అప్పుడు 68 ఏళ్లు. మొదటిసారి రెండు కళేబరాలు తీసుకుపోదామని వెళ్లినవాణ్ణి మూడు చలికాలాలు ఆ ఇంటికి తిరిగాను. పశువుల డాక్టరు కదా అని మొదటి రోజునుంచే నన్ను 'డాక్' అనేవారు.

కయోటీని చూడని వాళ్ల కోసం చెబుతాను. మన నక్క కన్నా ఒక పాలు పెద్దది, తోడేలు కన్నా బాగా చిన్నది. ఆ మైదానాల్లో పన్నెండు నుంచి పదహారు కిలోలు తూగుతుంది. చలికాలం బొచ్చుతో చూస్తే మాత్రం ఇరవై కిలోలుందేమో అనిపిస్తుంది. పేరు మెక్సికో పాత భాష నావాటల్ నుంచి వచ్చింది. పుస్తకాల్లో కయోటీ అని ఉంటుంది గానీ ఆ రైతుల నోట 'కైయోట్' అని రెండే పలుకుల్లో తెగిపోతుంది. నేల కూడా అలాగే కొత్త మాటలు నేర్పింది. బల్లపరుపు మైదానం మధ్యలో హఠాత్తుగా నేల విరిగి దిగిపోయే వాగులోయని అక్కడ 'కూలీ' అంటారు. ఫ్రెంచి మాటట. మొదటిసారి "కయోటీలు కూలీలో ఉంటాయి" అని ఆయనంటే, పాలమూరు నుంచి వచ్చినవాడిగా నాకు బొంబాయి బస్సెక్కే మా ఊరి జనం కళ్ల ముందు నిలబడ్డారు.

మాది కురుమ కుటుంబం. మా తాత ఎండాకాలం మంద తోలుకొని కోస్తా వైపు వలస పోయేవాడు. రైతుల పొలాల్లో రాత్రుళ్లు మంద పెట్టి, ఆ ఎరువుకి బదులు వడ్లు తెచ్చుకునేవాడు. సెలవుల్లో రెండుసార్లు నేనూ వెంట పోయాను. రాత్రి మంద ఎక్కడ నిలపాలో చూసేటప్పుడు పిడికెడు మన్ను తీసి వేళ్ల సందుల్లోంచి వదిలి, "గాలి ఎటుంది సూడు బిడ్డా" అనేవాడు. తోడేలు గాలికి ఎదురొస్తది, దాని వాసన కుక్కకి తెలవకుంట వస్తది, అందుకే గాలి దిగే దిక్కున మనం పండాలె అని చెప్పి, అటువైపు కుక్కల్ని ఉంచి, తను గొంగడి కప్పుకొని నడుం వాల్చేవాడు. ఆ గొంగడి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది: గొర్రె నూనె, చుట్ట పొగ, తడిసి ఆరిన మన్ను.

అదంతా నాకు తెలిసినా, వాసన అనేది గొర్రెలకి, తోడేళ్లకి సంబంధించిన సంగతి అనుకున్నాను. నా వాసన గురించి ఆలోచించింది సస్కటూన్‌లోనే. మొదటి చలికాలం, మేం కూర్చునే గదిలో ఒకరు లేచి నా పక్కన కిటికీ తెరిచారు. బయట మైనస్ 20. ఎవరూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం నేను ఉన్న బట్టలన్నీ ఉతికాను. ఆ తర్వాత చాలా నెలలు తాలింపు మానేశాను. రొట్టె, గుడ్డు, ఉడికించిన బంగాళాదుంప. అమ్మ పంపిన ఎల్లిపాయ కారం సీసా మూడు సంచుల్లో చుట్టి బీరువా అడుగున దాచాను. పెద్దాయన ఇంటికి రాకపోకలు మొదలయ్యాక అక్కడ ఆవరణలో ఉన్న పాత పనివాళ్ల గది నాకిచ్చారు. విడి వంటిల్లు, చుట్టూ మైళ్ల దూరం ఎవరూ లేరు. అక్కడే, ఆ డిసెంబరులో, ధైర్యం చేసి మళ్లీ పోపు పెట్టాను. మర్నాడే కయోటీ పట్టేసింది.

ఆయన అడిగిన ప్రశ్నకి నేను సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమన్నాను. ఆయనకి నేను దేనికి క్షమాపణ అడుగుతున్నానో అర్థం కాలేదు. ఇంటికి వెళ్లాక గొర్రెల పాక వెనక, గాలి తగిలే చోట, గోడకి కొట్టిన ఒక పెద్ద మేకు చూపించారు. దానికి ఆయన కోటు వేలాడుతోంది. దాని పక్కనే నన్నూ కోటు తగిలించమన్నారు. "నా పైపు పొగాకు, నా డీజిలు, మా ఆవిడ సబ్బు, నీ పప్పు. దానికి అన్నీ ఒకటే డాక్. మనిషి వచ్చాడు, ఇప్పుడే వచ్చాడు, ఎప్పుడూ రాని చోటికి వచ్చాడు. కయోటీకి అందే కబురు అంతే." ఆ మాట ఆయన ఓదార్చడానికి చెప్పలేదు, పని నేర్పడానికి చెప్పారు. అందుకే నాకు పట్టింది.

ఆ మేకుకి తగిలించిన కోట్లు ఉచ్చుల పనికి తప్ప వేసుకోకూడదు. వంటింట్లోకి రాకూడదు, ట్రక్కులో పెట్రోలు డబ్బా పక్కన పడెయ్యకూడదు. బూట్లు కింది భాగమంతా రబ్బరువి, లోపల మందపాటి ఉన్ని తొడుగు. తోలు బూటు నడిచిన చోటల్లా వాసన తాగుతుంది, వదులుతుంది. రబ్బరు అంతగా పట్టుకోదు. చేతి తొడుగులు రెండు జతలు. ఒకటి ఉచ్చు ముట్టుకోవడానికే. దానితో ముక్కు తుడుచుకున్నా, ట్రక్కు తలుపు పట్టుకున్నా ఆ రోజుకి ఆ జత పనికిరాదు.

ఉచ్చులు సన్నటి ఉక్కు తీగ పేనినవి, రెండు మిల్లీమీటర్ల మందం. బిగుసుకున్నాక వెనక్కి జారకుండా ఒక చిన్న తాళం బిళ్ల ఉంటుంది. కొత్త తీగకి ఫ్యాక్టరీ నూనె జిడ్డు, మెరుపు రెండూ ఉంటాయి. అక్టోబరులో, మంచు పడకముందే, ఆయన పాత ఇనప పీపాలో నీళ్లు కాచి, వంటసోడా బాగా పోసి, ఉచ్చుల్ని అరగంట ఉడకబెట్టేవారు. జిడ్డు తెట్టులా పైకి తేలేది. తీసి చూస్తే మెరుపు పోయి, తీగ బూడిదరంగుకి తిరిగేది. తర్వాత మంచినీళ్లలో ఝాడించి కరగానా పొదల కంచె మీద వారం రోజులు గాలికి ఆరబెట్టడం. ఆ వారం పైపు కాల్చడానికి కూడా ఆయన ఇంటికి అవతలి వైపు వెళ్లేవారు.

ఆరాక ఒక మూత ఉన్న పెట్టెలో పెడతారు. ఆ పెట్టె మూత మొదటిసారి తీసినప్పుడు నాకు కలిగింది ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. లోపలంతా ఎండిన బూడిదరంగు ఆకు పరిచి ఉంది. ఆ పచ్చిక బయళ్లలో పెరిగే సేజ్. ఆ వాసనకి నేను అక్కడే చతికిలబడ్డాను. మాచిపత్రి! వినాయకచవితి పొద్దున ఇరవై ఒక్క పత్రుల్లో అన్నిటికన్నా ముందు తీసే ఆకు. చేత్తో నలిపితే వచ్చే ఆ చేదు, ఆ చల్లదనం, అచ్చం అదే. తర్వాత పుస్తకం తిరగేస్తే తెలిసింది, రెండూ ఆర్టెమీసియా ప్రజాతివే, దాయాదులు. పన్నెండు వేల కిలోమీటర్ల అవతల, ఒక గొర్రెల పాకలో, ఉచ్చుల పెట్టెలో మా ఇంటి పండగ. ఆయనకి చెప్పాను. ఏనుగు తల దేవుడి కథ మొత్తం విన్నారు. ఆ తర్వాత ఆ ఆకు నలిపి తొడుగులకి రాసేటప్పుడల్లా నాకో గుప్పెడు వేరే తీసి ఇచ్చేవారు. దిండు కింద పెట్టుకునేవాణ్ణి.

ఉచ్చు ఎక్కడ పెట్టాలో చూడటం అసలు విద్య. గొర్రెలకి వేసిన వలకంచె కింద కయోటీ దూరే కన్నాలుంటాయి. పైన ముళ్లతీగకి నాలుగు వెంట్రుకలు చిక్కుకొని ఉంటే ఆ కన్నం వాడకంలో ఉన్నట్టు. ఆ వెంట్రుక మొదట్లో లేతగా, కొసన నల్లగా ఉంటుంది, గొర్రె ఉన్నితో పొరబడటానికి లేదు. కూలీ అంచున పొదల మధ్య అవి నడిచే కాలిబాటలు ఇంకో చోటు. బాట మీద పెట్టే ఉచ్చు గుండ్రం జానెడు మీద రెండు వేళ్లు. నేల నుంచి ఉచ్చు అడుగుకి మళ్లీ అంతే. రాత్రి ఒక బెత్తెడు మంచు పడితే ఆ లెక్క మారిపోతుంది, మళ్లీ సరిచెయ్యాలి. సరిచెయ్యడమంటే మళ్లీ దగ్గరికి పోవడం, మళ్లీ వాసన. అందుకే ఆయన వాతావరణం వార్త వినకుండా ఒక్క ఉచ్చు కూడా పెట్టేవారు కాదు. మంచు పడబోయే ముందు పెట్టాలి. పడిన మంచు మన అడుగుల్నీ వాసననీ కప్పేస్తుంది. గడ్డకట్టే చలిలో వాసన పెద్దగా లేవదు. ప్రమాదమంతా షినూక్ గాలి వీచినప్పుడు. రాకీ కొండల మీదినుంచి ఆ వెచ్చటి గాలి దిగితే ఒక్క పూటలో చలి ఇరవై డిగ్రీలు తగ్గిపోతుంది, మంచు చెమర్చుతుంది, వారం కిందట మనం వదిలిన వాసన కూడా నిద్ర లేస్తుంది.

నేను చేసిన తప్పు తాలింపు ఒక్కటే కాదు. ఉచ్చు కట్టేటప్పుడు మంచు మీద మోకాళ్లు ఆనించాను. ఒంటి వేడికి అక్కడ మంచు కరిగి గడ్డకట్టి, నా కోటు కొసల్లో ఉన్నదంతా అచ్చు పడినట్టు అక్కడ ఉండిపోయింది. కయోటీ చదివింది ఆ అచ్చునే. ఆ తర్వాత నేను ఎప్పుడూ గొంతుక్కూర్చుని కట్టడమే. మన ఊళ్లలో పుట్టినవాళ్లకి అది తేలిక. ఆయనకి మోకాళ్లు సహకరించవు, అందుకే వంగి చేసే పనంతా నా వంతు అయింది. లైసెన్సు ఆయనది, నడుము నాది.

ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ట్రాక్టరు సంగతి. రోజూ పొద్దున ట్రాక్టరు మీద ఎండుగడ్డి మోపులు తీసుకెళ్లి గొర్రెలకి వేస్తారు. ఆ మోత, ఆ డీజిలు కంపు కయోటీలకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. అవి కూలీ గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉంటాయి, బెదరవు. కాబట్టి ఆయన ట్రాక్టరు దారి పక్కన ఉన్న కన్నాలకి ట్రాక్టరు మీదే వెళ్లి, మెట్టు మీద నిలబడే వంగి ఉచ్చు కట్టేవారు. కాలు నేల మీద పెట్టేవారు కాదు. డీజిలు వాసన గుప్పుమంటున్నా కయోటీకి అనుమానం రాదు, ఎందుకంటే ఆ వాసన అక్కడ ఉండాల్సిందే. మరోచోట, ఎవరూ నడవని పొదల్లో, అదే డీజిలు చుక్క ఒకటి పడితే వారం రోజులు ఆ బాట వదిలేస్తాయి. మనిషి వాసన లేకుండా చెయ్యడం ఎవరి తరమూ కాదనేవారు. చర్మం నుంచి రాలే పొట్టు, ఊపిరి, చెమట, ఇవన్నీ ఆపలేం. ఆ వాసన ఎక్కడ వదలాలో, ఎప్పుడు వదలాలో మాత్రమే మన చేతిలో ఉంది.

చంపడం గురించి కూడా దాచకుండా చెప్పాలి. నేను బల్ల మీద కోసిన కయోటీలు వందకి పైనే ఉంటాయి. కానీ మొదటిసారి ఉచ్చులోంచి తీసి, భుజం మీద వేసుకొని మోసింది వేరు. కనురెప్పల మీద నూగుమంచు. చుట్టూ మంచు పెద్దగా చెదరలేదు, త్వరగానే అయిపోయింది. ఆయన బొచ్చులోకి ఊది చూశారు, పళ్లు చూశారు, ఈ ఏటి పిల్లే అన్నారు. ఇంటికి తెచ్చి ఒలిచి, తోలు లోపలివైపు చూపించారు. పాలలా తెల్లగా ఉంటే బొచ్చు పండినట్టు, నీలిగా ఉంటే ఇంకా పచ్చి. డిసెంబరు, జనవరి దాటితే జతకట్టే కాలం వస్తుంది, వీపు మీద బొచ్చు రాసుకుపోతుంది, ఆ తోలుకి విలువ ఉండదు. ఒలిచేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోమని, చేతులు సబ్బుతో కడుక్కోమని చెప్పి, బద్దెపురుగు గుడ్ల సంగతి వివరించాను. ఆయనకి నేను నేర్పింది ఆ ఒక్కటే.

ఒక పొద్దున మాత్రం ఉచ్చు మెడకి కాక నడుముకి పడింది. అది బతికే ఉంది. మమ్మల్ని చూసి అరవలేదు, నేలకి కరుచుకుపోయి చూస్తూ ఉంది. ఆయన తుపాకీతో ఒక్క దెబ్బకి ముగించారు. ఉచ్చు చేత్తో పట్టుకొని జానతో కొలిచి చూశారు. నేను కట్టింది. మూడు వేళ్లు ఎక్కువ పెద్దగా ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మూడు వేళ్లు నాకు ఈనాటికీ నిద్రలో గుర్తొస్తాయి. ఉచ్చు ఎంత త్వరగా ప్రాణం తీయాలి అన్నదాని మీద కెనడాకి, ఐరోపా దేశాలకి మధ్య ఒప్పందం 1997లోనే కుదిరింది, పందొమ్మిది రకాల జంతువుల్లో కయోటీ కూడా ఉంది. ఆయన అది చదవకముందు నుంచే రోజూ తెల్లారేసరికి ఉచ్చుల వరస మొత్తం తిరిగి చూసేవారు, మైనస్ 40 అయినా సరే. మన దగ్గర అడవిపందులకని బైకు క్లచ్ వైర్లతో ఉచ్చులు పెట్టి రోజుల తరబడి అటు తిరిగి చూడని వాళ్లని తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం అన్నది అలా ఉంచి, ఆ జంతువు ఆ రాత్రంతా ఏం పడిందో ఒక్కసారైనా చూడాలి వాళ్లు.

ఆయన లెక్కలో ప్రతి కయోటీ శత్రువు కాదు. చచ్చిన గొర్రె దొరికితే నన్ను మెడ తోలు తీసి చూడమనేవారు. దవడ కింద పంటి గాట్లు, లోపల గడ్డకట్టిన రక్తం ఉంటే కయోటీ చంపినట్టు. రక్తం లేకపోతే గొర్రె వేరే కారణంతో చచ్చాక అవి వచ్చి తిన్నట్టు. వెనక కాళ్ల మీద, పక్కల మీద పీకులాట ఉంటే సాధారణంగా అది ఊరి కుక్క పని. ఆ జనవరిలో చచ్చిన రెండు గొర్రెల దగ్గరే రెండు కయోటీలు ఉచ్చులో పడ్డాయి. ఆ తర్వాత చావులు ఆగిపోయాయి. వేలు లేనిది మాత్రం తూర్పు కూలీలో తిరుగుతూనే ఉంది. మందని ఒరుసుకుంటూ పోయేది, గొర్రె జోలికి వెళ్లేది కాదు. ఎలుకలు, కుందేళ్లు, చచ్చినవాటి మాంసం, అంతే దాని తిండి. ఆయన ఆ కూలీలోంచి ఉచ్చులన్నీ తీయించేశారు. "అది ఉన్నన్నాళ్లు ఆ కూలీ దానిది. ఇంకొకదాన్ని రానివ్వదు. దాన్ని చంపితే ఏది వస్తుందో, దానికి గొర్రె రుచి తెలుసో లేదో మనకేం తెలుసు?" అన్నారు.

2009 చలికాలంలో సస్కాచువాన్ ప్రభుత్వం చంపిన ఒక్కో కయోటీకి 20 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. 2010 మార్చి ఆఖరుకల్లా 71,000 కయోటీల లెక్క తేలింది. అప్పటికి నేను కాల్గరీలో ఉద్యోగంలో ఉన్నాను. ఫోనులో ఆయన గొంతు బాగా నీరసించిపోయింది గానీ ఆ మాటెత్తగానే గట్టిపడింది. ఏది చంపిందో చూడకుండా అన్నిటినీ చంపడం ఏం పని అని అడిగారు. ఆ తర్వాత కొన్నేళ్లకి ఖరీదైన చలికోట్ల టోపీ అంచులకి కయోటీ బొచ్చు మోజు పెరిగి తోలు ధర ఎక్కడికో పోయింది. 2021లో కెనడా గూస్ కంపెనీ బొచ్చు మానేస్తామనడంతో ఆ మోజూ చల్లారింది. ఆ ఎగుడుదిగుళ్లేవీ ఆయన చూడలేదు. గొర్రెలు అమ్మేశారు, పొలం చేతులు మారింది, ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. పాక వెనక ఆ మేకు ఇంకా ఉందో లేదో.

నాకు మాత్రం ఆ సేజ్ మిగిలింది. కాల్గరీ చుట్టుపక్కల కూడా దొరుకుతుంది. ప్రతి వినాయకచవితికి ముందురోజు వెళ్లి ఒక రెమ్మ కోసుకొస్తాను. మాచిపత్రి స్థానంలో అదే పెడతాం. మా అమ్మ ఒకసారి వచ్చినప్పుడు నలిపి వాసన చూసి, "ఇదే గద!" అని ఊరుకుంది.

చివరి చలికాలం సంగతి చెప్పి ఆపుతాను. 1999 జనవరి ఆఖరు. నా థీసిస్ అయిపోయింది, ఆయన ఆ ఏటికి ఉచ్చులు ఎత్తేస్తున్నారు. ఇద్దరం వరస మొత్తం తిరిగి ఒక్కొక్కటే విప్పి సంచిలో వేసుకున్నాం. ముందు రాత్రి మోకాలి లోతు మంచు పడింది. తూర్పు కూలీ మలుపులో అంతకుముందు రోజు పొద్దున నేను నడిచిన బాట ఉంది, పూడిపోయి గుంటలు గుంటలుగా. మొదట నేను గమనించలేదు. ఆయనే నా చెయ్యి పట్టి ఆపారు. నా బూటు గుంటల్లో, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క అడుగు. ఎడమ ముందుకాలికి ఒక వేలు లేదు. లోతు మంచులో నా బాట తేలికని నా అడుగుల్లోనే అడుగు వేసుకుంటూ నడిచిపోయింది.

ఆయన ఏమీ అనలేదు. తొడుగులు తీసి, కోటు లోపలి జేబులోంచి పైపు తీశారు. మూడు చలికాలాల్లో ఆ వరస మీద ఆయన పైపు వెలిగించడం నేను చూడలేదు. ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చుని, "నీ దగ్గర తినడానికి ఏముంది డాక్?" అన్నారు. వరస మీద తిండి తేవడం నిషేధం. కానీ ఆ పొద్దున ఆఖరి రోజు కదా అని నేను ట్రక్కు ముందు సీటు కింద ఒక డబ్బా పెట్టుకొచ్చాను. రొట్టె ముక్కలు, మధ్యలో అమ్మ పంపిన ఎల్లిపాయ కారం. ఆ సంగతి ఆయనకి ఎలా తెలిసిందో నేను అడగనక్కర్లేదు.

డబ్బా మూత తీయబోతుంటే ఆయన ఆగమన్నారు. పక్కన ముళ్లతీగకి చిక్కుకున్న గొర్రె ఉన్ని ఒక పోగు లాగి, రెండు వేళ్లతో పైకెత్తి వదిలారు. అది కాసేపు తేలి, ఆ అడుగులు వెళ్లిన వైపుకే, కూలీలోకి దిగిపోయింది.

"ఇప్పుడు తియ్యి" అన్నారు.